అక్షయ తృతీయ దానం ఎలా చేయాలి: బంగారం సంగతి తర్వాత, ముందు నీళ్లు

వైశాఖ శుద్ధ తదియ దగ్గర పడిందంటే పేపర్ మొదటి పేజీ అంతా నగల షాపుల ప్రకటనలే. గ్రాము మీద ఇంత తగ్గింపు, మజూరీ మీద అంత తగ్గింపు. ఇంట్లో కూడా "కనీసం అర గ్రాము బిళ్లైనా కొనకపోతే ఎలా?" అనే మాట మొదలవుతుంది. డబ్బు సర్దుబాటు కాకపోతే ఒక టెన్షన్, కొనకపోతే ఏమవుతుందో అని ఇంకో టెన్షన్. పెద్దలు ఈ రోజుకు చెప్పిన పనులు స్నానం, జపం, హోమం, తర్పణం, దానం. ఆ దానాల్లో ముందు వరసలో ఉన్నది నీళ్లు నింపిన కుండ. ఎండలు మండే కాలంలో వచ్చే పండగకు అంతకన్నా తగిన దానం ఏముంటుంది?

ఆ నీటి దానం శాస్త్రం చెప్పిన పద్ధతిలో ఎలా చేయాలి, దానితో పాటు ఇంకేం ఇవ్వొచ్చు, ఇచ్చింది అవతలివాళ్లకు నిజంగా పనికొచ్చేలా ఎలా చూసుకోవాలి అన్నది వరసగా చెబుతాను.

ముందు తిథి ఖాయం చేసుకోండి

అక్షయ తృతీయ 2023లో ఏప్రిల్ 22న, 2024లో మే 10న, 2025లో ఏప్రిల్ 30న వచ్చింది. ఇంగ్లిష్ తేదీ ఏటా మారుతుంది కాబట్టి పంచాంగం చూడక తప్పదు. తదియ రెండు రోజుల మీద పడినప్పుడు ఏ రోజు చేయాలన్న చర్చ వస్తుంది. నియమం సులువే. పూర్వాహ్ణంలో, అంటే పొద్దుటి పూట, తదియ ఉన్న రోజే తీసుకోవాలి. రెండు రోజులూ పొద్దున ఉంటే రెండో రోజు చేయాలి. తదియ మధ్యాహ్నం ఎప్పుడో మొదలైతే పండగ మర్నాడే. బుధవారం, రోహిణీ నక్షత్రం కలిసి వస్తే విశేషం అంటారు. కలవకపోతే లోటేమీ లేదు.

టీవీలో ఒకరు ఒక రోజు, వాట్సాప్‌లో ఇంకొకరు ఇంకో రోజు చెబుతుంటే తికమక పడకండి. మీ ఊరి గుడిలో ఏ రోజు చేస్తున్నారో ఆ రోజు చేసేయండి.

వారం ముందే లెక్క వేసుకోండి

పండగ ముందురోజు సాయంత్రం బజారుకు పరుగెడితే ఏది దొరికితే అది కొని ఎవరు కనిపిస్తే వాళ్లకు ఇచ్చి రావడమే అవుతుంది. వారం ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాసుకోండి. ఎంత ఖర్చు పెట్టగలం, ఎవరికి ఇస్తున్నాం, వాళ్లకు ఏది కావాలి.

మొదటిదానికి నా లెక్క ఒకటే. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, మందులు పోగా మిగిలినదాంట్లోంచి ఇవ్వండి. అప్పు చేసి దానం చేయమని ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు కళ్లజోడు మార్చాల్సి ఉంటే ముందు అది చేయించండి.

రెండోదానికి కాస్త ఆలోచన కావాలి. ఆదాయం లేని చిన్న గుడి అర్చకుడు, మీ వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఎండలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్, రోజుకూలీల అడ్డా దగ్గర పని కోసం ఎదురుచూసేవాళ్లు, ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు. ఈ పేర్లలో కనీసం ఇద్దరు ముగ్గురు మీకు ముఖపరిచయం ఉన్నవాళ్లే అయి ఉంటారు. తెలిసిన మనిషికి ఏం కావాలో అడగొచ్చు. "ఏమ్మా, ఎండాకాలం కదా, ఇంట్లోకి ఏదైనా కావాలా?" అని ముందే కదిపి చూడండి. మీరు చీర అనుకుంటూ ఉంటారు, ఆవిడకు చెప్పులు కావాల్సి ఉంటుంది.

మూడోది కొన్నేళ్లుగా చూస్తున్న విషయం, చెప్పక తప్పదు. దానం పేరుతో ఇంట్లో చెత్త ఖాళీ చేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. జిప్పు పోయిన ప్యాంట్లు, అంచు చిరిగిన చీరలు, ఎక్స్‌పైరీ దగ్గరపడిన బిస్కెట్లు. కఠోపనిషత్తు కథలో నచికేతుడు తండ్రిని నిలదీసింది ఈ విషయం మీదే కదా. యాగంలో ఆయన దానమిస్తున్న ఆవులు తాగాల్సిన నీళ్లు తాగేసినవి, మేయాల్సిన గడ్డి మేసేసినవి, ఇక పాలివ్వనివి. అది చూసి ఊరుకోలేకే ఆ పిల్లవాడు "నన్ను ఎవరికిస్తావు?" అని అడిగాడు. వాడిన బట్టలు ఇవ్వొద్దని కాదు. ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టించి ఇవ్వండి. దాన్ని మాత్రం ఆ రోజు దానం లెక్కలో వేసుకోకండి.

ఇక బంగారం. కొనుక్కోవాలని ఉంటే కొనుక్కోండి, ఎవరూ కాదనరు. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో అమ్మే నగకు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ (ఏ నగకు ఆ నగకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్) ఉన్న హాల్‌మార్క్ తప్పనిసరి. తరుగు ఎంత వేశారో, మజూరీ ఎంతో బిల్లులో విడిగా రాయించుకోండి. కొనలేకపోతే దోషమేమీ లేదు. కొన్నవాళ్లు మాత్రం ఆ రోజు నగకు పెట్టిన డబ్బులో కొంత భాగమైనా దానానికి తీస్తే పండగ పండగలా ఉంటుంది.

ఆ రోజు పొద్దున ఇంట్లో

తెల్లవారుజామున తలస్నానం. దగ్గర్లో కృష్ణో గోదావరో ఉంటే నదీస్నానం మంచిది. ఎండాకాలంలో నది పాయలు పాయలుగా పారుతుంది, ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు. అందుకని ఘాట్ ఉన్న చోటే దిగండి, పిల్లల చెయ్యి వదలకండి. నది లేకపోతే ఇంట్లో బకెట్ నీళ్లే గంగ అనుకుని పోసుకోవడం మనకు అలవాటే.

పూజ పెద్దగా ఏమీ ఉండదు. లక్ష్మీనారాయణుల పటం లేదా విష్ణుమూర్తి విగ్రహం ముందు దీపం పెట్టి, చల్లగా అరగదీసిన గంధం, తులసిదళాలు సమర్పిస్తారు. ఈ రోజు విష్ణువును యవలతో పూజించడం విశేషం. యవలు, అంటే బార్లీ గింజలు, పూజా సామాన్ల కొట్లో దొరుకుతాయి, గుప్పెడు చాలు. నైవేద్యానికి పరమాన్నం, దద్దోజనం, మామిడిపండ్లు, కుచేలుణ్ని తలుచుకుని అటుకులు, ఏది వీలైతే అది. తర్వాత విష్ణు సహస్రనామం చదువుకోండి. అంత సమయం లేకపోతే పన్నెండు కేశవ నామాలు చెప్పుకున్నా సరే.

ఇది త్రేతాయుగం మొదలైన రోజు అని చెబుతారు. యుగాది తిథుల్లో పితృకార్యానికి ప్రాధాన్యం ఉంది. అందుకే తండ్రి గతించినవాళ్లు ఈ రోజు తిలతర్పణం చేస్తారు. శ్రాద్ధం పెట్టే ఆచారం ఉన్న ఇళ్లలో పిండాలు లేకుండా పెడతారు. తండ్రి బతికి ఉన్నవాళ్లు తర్పణం జోలికి వెళ్లరు. మీ ఇంటి ఆచారం సరిగ్గా తెలియకపోతే మీ పురోహితుడిని అడిగి చేయండి. ఇంటర్నెట్‌లో చూసి చేసే పని కాదు ఇది.

ఉత్తరాంధ్రవాళ్లకు ఈ రోజు అంటే సింహాచలం. ఏడాదంతా చందనంలో కప్పి ఉండే వరాహ లక్ష్మీనరసింహస్వామి నిజరూప దర్శనం ఈ ఒక్క రోజే. ఆ తర్వాత మళ్లీ చందనం సమర్పించడం మొదలవుతుంది. ఈ రోజు, వైశాఖ పౌర్ణమి, జ్యేష్ఠ పౌర్ణమి, ఆషాఢ పౌర్ణమి, ఇలా నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున. దర్శనానికి వెళ్లేవాళ్లు గంటలకొద్దీ క్యూలో ఉండాల్సి వస్తుంది. చంటిపిల్లలతో, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లతో ఆ రద్దీలోకి దిగకండి. వెళ్లేవాళ్లు వెంట రెండు సీసాల నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లి క్యూలో పక్కవాళ్లకు ఇవ్వండి. అదీ ఉదకదానమే, అంటే నీటి దానమే.

ఉదకుంభ దానం, మొదటి నుంచి చివరి దాకా

దీన్నే ధర్మఘట దానం అని కూడా అంటారు. కొత్త మట్టికుండ, లేదంటే రాగి, ఇత్తడి, స్టీలు బిందె. మట్టికుండ కొనేటప్పుడు లోపలికి తొంగిచూసి, వేలి కణుపుతో బయట తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే ఎక్కడో సన్నటి పగులు ఉన్నట్టు. దాన్ని ముందురోజు పొద్దున్నే నీళ్లలో నానబెట్టి, సాయంత్రం ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి ఆ నీళ్లు కూడా మొక్కలకు పోసేయాలి. అప్పటికి మట్టివాసన తగ్గి, కుండ చెమర్చడం మొదలవుతుంది.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. పది లీటర్ల కుండ నిండా నీళ్లు నింపి ఒక పెద్దాయన చేతిలో పెడితే ఆయన దాన్ని బస్సులో ఎలా తీసుకెళ్తారు? రెండు సందులు దాటగానే పారబోసుకుంటారు, లేదా మీ గుమ్మం పక్కనే వదిలేసి వెళ్తారు. పెద్ద కుండ ఇవ్వాలనుకుంటే మీరే మోసుకెళ్లి వాళ్లింట్లో, వాళ్లు చెప్పిన మూల పెట్టి రండి. లేదా చెంబు పరిమాణంలో చిన్న పాత్ర ఇవ్వండి.

దానం చేసే చోట నేల తుడిచి ముగ్గు వేయండి. దాని మీద చిన్న పళ్లెంలో బియ్యం పోసి కుండ నిలపండి. కుండలో శుభ్రమైన తాగేనీళ్లు నింపి, కాస్త గంధం, తులసి, దొరికితే రెండు వట్టివేళ్లు వేయండి. వట్టివేళ్లు వేస్తే నీళ్లకు చల్లటి వాసన పడుతుంది, తాగుతుంటే తెలుస్తుంది. పితృదేవతల కోసం ఇచ్చే కుండలో నువ్వులు కూడా వేస్తారు. దేవుడి ప్రీతి కోసం ఇచ్చేదైతే నువ్వులు అక్కర్లేదు. మూతగా పళ్లెం పెట్టి దాని మీద రెండు మామిడిపండ్లు, ఒక తాటాకు విసనకర్ర, శక్తి ఉంటే పంచె లేదా తువ్వాలు, తమలపాకులు, వక్కలు, దక్షిణ సర్దండి.

తూర్పుముఖంగా కూర్చుని ఆచమనం చేసి సంకల్పం చెప్పుకోవాలి. మన సంకల్పంలో "శ్రీశైలస్య" అని మీ ఊరు శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో చెప్పే చోటు ఒకటి ఉంటుంది. విశాఖవాళ్లు ఈశాన్య ప్రదేశే అంటారు. మీ ఊరి దిక్కు ముందే చూసి పెట్టుకోండి. ఆ ఏటి సంవత్సరం పేరు పంచాంగం మొదటి పేజీలో ఉంటుంది. ఆ పైన ఉత్తరాయణే, వసంత ఋతౌ, వైశాఖ మాసే, శుక్లపక్షే, తృతీయాయాం తిథౌ అని, వారం, గోత్రం, పేరు చెప్పి, ఎవరి ప్రీతి కోసం ఉదకుంభ దానం చేస్తున్నారో చెప్పుకోవాలి. దానం పుచ్చుకునేవారికి గంధం, అక్షతలు ఇచ్చి ఈ శ్లోకం చదువుతారు:

ఏష ధర్మఘటో దత్తో బ్రహ్మవిష్ణుశివాత్మకః |
అస్య ప్రదానాత్ తృప్యంతు పితరోఽపి పితామహాః ||

ఇది పితృదేవతలు తృప్తి పొందాలని కోరే శ్లోకం. చదివాక కుడిచేతిలో తులసిదళం, అక్షతలు పట్టుకుని, నీళ్లతో వదిలి, "న మమ" అని కుండను అప్పగించాలి. ఇక ఆ కుండ మీది కాదు. ఆయన దాన్ని ఇంట్లో వాడుకుంటారో, ఇంకెవరికైనా ఇస్తారో మీకు అనవసరం.

సంస్కృతం నోరు తిరగకపోతే తెలుగులో చెప్పుకోండి. "ఫలానా గోత్రంలో పుట్టిన ఫలానా నేను, మా నాన్నగారు, తాతగారు, ముత్తాతగారు, వాళ్లతో పాటు మా అమ్మవైపు పెద్దలు కూడా తృప్తి పొందాలని ఈ నీటికుండ ఇస్తున్నాను" అంటే సరిపోతుంది. దక్షిణ విషయంలో బేరాలు ఆడకండి. అయ్యగారు ఆ రోజు పదిళ్లు తిరగాలి, మీ ఇంట్లో ఆలస్యం చేయకండి.

పురోహితుడు దొరకలేదా? దాహం వేసే ప్రతి మనిషీ పాత్రుడే. కుండను గుడి అరుగు మీదో, అంగన్‌వాడీలోనో పెట్టిరండి. కాకపోతే పెట్టే ముందు రోజూ నీళ్లు నింపే మనిషి ఎవరో తేల్చుకోండి. నింపేవాళ్లు లేని కుండ రెండు రోజుల్లో దోమల తొట్టి అవుతుంది.

స్వయంపాకం, ఇతర దానాలు

మన ఇళ్లలో బాగా వాడుకలో ఉన్నది స్వయంపాకం ఇవ్వడం. ఒక కుటుంబం ఒక పూట వండుకోవడానికి సరిపడా బియ్యం, కందిపప్పు, రెండు రకాల కూరగాయలు, చింతపండు, ఎండుమిరపకాయలు, బెల్లం, నెయ్యి, పెరుగు, ఆకు వక్క, దక్షిణ. అరటికాయ, కంద, గుమ్మడి లాంటివి పెడతారు. ఉల్లి, వెల్లుల్లి పెట్టరు. ఉప్పు చేతికివ్వకుండా పళ్లెంలో మిగతావాటితో పాటు పెట్టేస్తారు. పెరుగు స్టీలు గిన్నెలో ఇచ్చేటట్టయితే ఆ గిన్నె కూడా దానంలో భాగమే అనుకోండి. "గిన్నె రేపు పంపండి" అనడం బాగోదు.

వైశాఖంలో గొడుగు, చెప్పులు, విసనకర్ర, మజ్జిగ, పానకం, చెరుకురసం, మామిడిపండ్లు ఇవ్వమని పెద్దల మాట. జైనులకు కూడా ఇదే రోజు పెద్ద పండగ. వాళ్ల మొదటి తీర్థంకరుడు ఋషభదేవుడు ఏడాది ఉపవాసం తర్వాత హస్తినాపురంలో శ్రేయాంసుడు ఇచ్చిన చెరుకురసంతో పారణ చేసిన రోజని, వర్షీతపం, అంటే ఏడాది పొడవునా రోజు విడిచి రోజు ఉపవాసం, చేసినవాళ్లు ఈ రోజు చెరుకురసంతో విరమిస్తారు. చెప్పులు కొనేటప్పుడు కొలత అడిగి కొనండి. కొలత తెలియకపోతే మనిషినే షాపుకు వెంట తీసుకెళ్లండి. చేతికిచ్చేటప్పుడు "ఇదిగో, తీసుకో" అనకుండా "తీసుకోండమ్మా", "మీకోసమే తెచ్చాను బాబాయ్" అనండి. ఫోటో దిగొద్దు. తీసుకునేవాళ్ల ముఖం పదిమందికి చూపించే హక్కు మనకు లేదు.

ఉపవాసం ఉంటే

ఈ రోజు ఉపవాసం తప్పనిసరి కాదు. ఒంటిపూట భోజనం చేసేవాళ్లే ఎక్కువ. ఉండాలనుకుంటే పండ్లు, పాలు, మజ్జిగ తీసుకుంటూ ఉండండి. ఈ ఎండల్లో నిర్జలం మంచిది కాదు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉండకండి.

ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు కావడంతో బ్లడ్ బ్యాంకులకు దాతలు తగ్గుతారు. కొంతమంది ఈ రోజు రక్తదానం పెట్టుకుంటారు, మంచి ఆలోచనే. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. ఉపవాసం, రక్తదానం మాత్రం ఒకే రోజు వద్దు. కడుపునిండా తిని, నీళ్లు తాగి వెళ్లాలి. రెండూ చేయాలనుంటే రక్తదానం మర్నాడు పెట్టుకోండి.

డబ్బు పంపేటట్టయితే

ఊరికి దూరంగా, విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇదే దారి. తిరుమలలో అన్నప్రసాద ట్రస్టుకు విరాళం ఇచ్చే పద్ధతి ఉంది. కొండమీద ఆ భోజనశాలకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఏ దేవస్థానమైనా, సేవాసంస్థ అయినా వాళ్ల అసలు వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి కట్టండి. పండగ ముందు ఫోన్‌కు వచ్చే లింకులు, క్యూఆర్ కోడ్‌లు నమ్మకండి. దేవుడి పేరు పెట్టి డబ్బు లాగే మోసాలు ఇలాంటప్పుడే ఎక్కువ.

పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు 80జీ గుర్తింపు ఉందో లేదో చూడండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. నగదుగా రెండు వేలకు మించి ఇస్తే మినహాయింపు రాదు. రసీదు ఒక్కటే కాకుండా సంస్థ ఇచ్చే ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోండి.

అన్నదానం

గోదావరి జిల్లాల్లో అన్నదానం అంటే డొక్కా సీతమ్మగారే గుర్తొస్తారు. లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు ఆకలితో తలుపు తట్టినా వండి వడ్డించిన ఇల్లాలు (1841–1909). ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే ఉంది. ఆమె వేడివేడిగా వండి పెట్టారు. మనం పొద్దున్నే ప్యాక్ చేసి, కార్లో పెట్టి, మధ్యాహ్నం రెండింటికి పంచుతాం. తేడా అక్కడే.

ఈ ఎండలకు పప్పు, కూర, పెరుగన్నం చాలా తొందరగా పాడవుతాయి. పంచేది పొట్లాలైతే పులిహోర మేలు. చింతపండు, నూనె, పసుపు ఉంటాయి కాబట్టి కాస్త ఆగుతుంది. అన్నం ఆరబెట్టి కలపండి, వేడిమీద మూటకట్టకండి. కిలో బియ్యానికి ఎనిమిది మందికి కడుపు నిండుతుంది. వండిన రెండు మూడు గంటల్లో పంచడం అయిపోవాలి. అందుకని ముందు తినేవాళ్లు ఎక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి. వృద్ధాశ్రమాలకు పండగరోజు నలుగురైదుగురు దాతలు వస్తారు. మర్నాటి నుంచి ఎవరూ ఉండరు. పండగ రోజు సంకల్పం చెప్పుకుని, భోజనం తర్వాతి వారంలో ఏ బుధవారమో పెట్టండి. వాళ్లనే అడిగి రోజు తీసుకోండి.

చలివేంద్రం పెట్టాలంటే

నా మటుకు నాకు ఈ రోజుకు అన్నిటికన్నా తగిన పని ఇదే. చాలాచోట్ల దీన్ని తూతూమంత్రంగా చేసేస్తారు. తాటాకు పందిరి, నాలుగు కుండలు, వాటికన్నా పెద్ద ఫ్లెక్సీ, రిబ్బన్ కటింగ్, ఫోటోలు. వారం తిరిగేసరికి కుండలు ఎండిపోయి, ఫ్లెక్సీ మాత్రం నవ్వుతూ ఉంటుంది. అసలు ఎండలు ఇంకా ముందున్నాయి. మే 25 దగ్గర రోహిణి కార్తె వస్తుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె వచ్చేదాకా నడపగలం అనుకుంటేనే మొదలుపెట్టండి. అంత శక్తి లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టండి.

చోటు ఎంపికతోనే సగం పని అయిపోతుంది. జనం ఆగే చోటు కావాలి: బస్టాప్, ఆస్పత్రి గేటు, రైతుబజారు, కూలీల అడ్డా. వేపచెట్టో కానుగచెట్టో ఉంటే పందిరి ఖర్చు తప్పుతుంది. పక్కన షాపు ఉంటే ఆ యజమానిని కలుపుకోండి, రాత్రి కుండలకు కాపలా ఆయనే. పంచాయతీకో మున్సిపాలిటీకో ఒక మాట చెప్పండి.

నీళ్ల లెక్క ఇలా వేసుకోండి. గ్లాసు 200 మిల్లీలీటర్లు, ఇరవై లీటర్ల క్యాన్‌కు వంద గ్లాసులు. దాహంతో వచ్చిన మనిషి రెండు గ్లాసులు తాగుతాడు. రోజుకు మూడు వందల మంది వచ్చే చోటయితే ఆరు క్యాన్లు కావాలి. ఇందులో సీసాలు నింపుకునేవాళ్ల లెక్క లేదు. ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు నింపుకుంటారు, నింపుకోనివ్వండి. ఇంకో రెండు క్యాన్లు కలిపి లెక్కేయండి.

కుళాయి బిగించిన రంజన్లు (పెద్ద మట్టికుండలు) తెచ్చుకుంటే ముంచే పని ఉండదు. ఇసుక పోసి తడిపి దాని మీద నిలిపి, చుట్టూ తడి గోనెపట్టా కట్టండి. కుండ గోడల్లోంచి చెమర్చిన నీరు గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. అందుకే కుండకు నీడతో పాటు గాలి కూడా కావాలి. మూల గోడకు ఆనించి పెడితే చల్లబడదు. పొడిగాలి ఉండే తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో కుండనీళ్లు బాగా చల్లగా ఉంటాయి. సముద్రపు ఒడ్డు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంత చల్లదనం రాదు. అక్కడ కుండల సంఖ్య పెంచి, ఒకటి తాగుతుంటే ఇంకోటి చల్లబడేలా మార్చుకుంటూ ఉండాలి.

రోజూ పొద్దున మిగిలిన నీళ్లు ఒంపేసి, లోపల కొబ్బరిపీచుతో తోమి కడగండి. సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుని వాసన వేస్తుంది. మూతికి పలచటి గుడ్డ కట్టి పైన మూత పెట్టండి. బోరునీళ్లో ట్యాంకర్ నీళ్లో వాడుతుంటే క్లోరిన్ బిళ్లలు వేయాల్సిందే. ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద ఉంటుంది. వేశాక అరగంట ఆగి వాడాలి. గ్లాసులకు స్టీలువి ఒక డజను, కడగడానికి రెండు బకెట్లు పెట్టండి. పేపర్ కప్పులు పెడితే పక్కనే చెత్తబుట్ట ఉండి తీరాలి.

మజ్జిగ వారానికి ఒకటి రెండు రోజులు పోసినా చాలు. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, చివర్లో నిమ్మరసం. పొద్దున పదిన్నరకు కలిపితే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అయిపోవాలి. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు వేయకండి. అవి చేపల పెట్టెల్లో వేయడానికి చేసేవి, తాగే నీళ్లతో చేసినవని నమ్మకం లేదు.

ఎండదెబ్బకు ఎవరైనా కూలబడితే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. స్పృహలో ఉంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీరు పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలు ఒక అట్టమీద రాసి పందిరి గుంజకు కట్టండి. ఫ్లెక్సీ కన్నా అది పనికొస్తుంది.

పందిరి పక్కన పశువులకు ఒక సిమెంటు తొట్టి, పిట్టలకు లోతు తక్కువ మట్టిమూకుడు పెట్టండి. మూకుడులో ఒక చిన్న రాయి వేస్తే పిట్ట దాని మీద నిలబడి తాగుతుంది.

ఇంత పని మీ వల్ల కాదనిపిస్తే ఇంటి గేటు లోపల నీడలో ఒక కుండ, ఒక గ్లాసు, "మంచినీళ్లు తాగండి" అని ఒక కాగితం పెట్టండి. కొరియర్ కుర్రాడు, పాలబ్బాయి, చెత్తబండి అన్న వాడుకుంటారు. రోజూ పొద్దున నింపడం ఇంట్లో పిల్లలకు అప్పజెప్పండి. సెలవులే కదా.

తొలకరి పడ్డాక కుండలు కడిగి బోర్లించి ఎండబెట్టండి. ఒక ఎండాకాలం వాడిన కుండ సూక్ష్మరంధ్రాలు పూడుకుపోయి మరుసటేడు అంత చల్లబరచదు. వచ్చే తదియకు కొత్తవి తెచ్చుకుని, పాతవాటి అడుగున చిల్లు పెట్టి తులసి నాటుకోండి. పందిరి వెదుళ్లు, గోనెపట్టాలు మాత్రం దాచి పెడితే వచ్చే ఏడు ఖర్చు తగ్గుతుంది.